తాళం వేరు, లాకులు వేరు

దుగ్గిరాల మీదుగా తెనాలి వెళ్ళే బస్సులో కండక్టరు "లాకులు, లాకులు" అని కేక వేస్తే ఎవరూ జేబులు తడుముకోరు. కాలువ ఒడ్డున దిగవలసినవారు సంచులు సర్దుకుని లేస్తారు. అదే మాటను బడిలో పంతులుగారు బోర్డు మీద ఇంగ్లీషులో రాసి అర్థం అడిగితే, ఆ ఊరి పిల్లవాడే "తాళం" అని జవాబు చెబుతాడు. రెండూ తప్పు కాదు. ఒకటి పుస్తకంలోది, రెండోది పొలం గట్టు మీదిది.

తాళం సంగతి కూడా అంత తేలిక కాదు. ఈ ప్రాంతంలో తలుపుకు వేసేది తాళం కప్ప, తీసేది తాళం చెవి. అయినా "తాళాలు ఎక్కడ పెట్టావే?" అని అత్తగారు అడిగితే ఆమెకు కావలసినవి చెవులే. రాయలసీమ వెళితే బీగం అంటారు. గడియ, గొళ్ళెం ఉండనే ఉన్నాయి. ఇన్ని మాటలున్నా బీరువాకూ, మోటారు సైకిలుకూ, సెల్‌ఫోనుకూ వేసేది లాకే. పోలీసు స్టేషనులో లాకప్పు, మిల్లు మూతపడితే లాకౌటు. 2020 మార్చి తరువాత లాక్‌డౌను అంటే ఏమిటో తెలియని ముసలమ్మ కూడా పల్లెల్లో లేదు. బేరం కుదిరితే "లాకైపోయింది" అంటున్నారు కుర్రకారు. కాలువ లాకులు మాత్రం వీటన్నిటికంటె ముందే ఊళ్ళోకి వచ్చి స్థిరపడ్డాయి.

బెజవాడ వద్ద కృష్ణపై మొదటి ఆనకట్ట 1855లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ తలపెట్టిన పనిని కెప్టెన్ ఛార్లెస్ ఆర్ దగ్గరుండి కట్టించాడు. ఆ కాలువలు సాగుకే కాక పడవలకు కూడా తవ్వినవి. సముద్రం వైపు నేల పల్లమవుతూ పోతుంది గనుక కాలువను మెట్లుగా దించుకుంటూ పోయారు. మరి మెట్టు ఉన్నచోట పడవ దిగేదెట్లా? అందుకోసం రెండు గోడల మధ్య ఒక గది కట్టి, ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత తలుపులు పెట్టారు. పడవ గదిలోకి రాగానే ఎగువ తలుపులు మూసి, లోపలి నీటిని మెల్లగా దిగువకు వదిలేవారు. నీటితోపాటు పడవా దిగేది. రెండు వైపులా మట్టం సమానమయ్యాక దిగువ తలుపులు తెరిచేవారు. పడవ పైకి ఎక్కాలంటే ఇదే పని తిరగేసి చేయాలి. ఇంగ్లీషువాడికి ఆ గది, తలుపులు అన్నీ కలిపి ఒకే లాకు. తెలుగువాడు తలుపుల జతలు చూశాడు కాబోలు, లాకులు అని బహువచనం చేశాడు. చక్కని పనే చేశాడు.

సీతానగరం వద్ద బయలుదేరిన ప్రధాన కాలువ దుగ్గిరాల వద్ద చీలుతుంది. కొన్ని పాయలు తెనాలి మీదుగా రేపల్లె, నిజాంపట్నం ప్రాంతాలకు పోతాయి. కొమ్మమూరు కాలువ బాపట్ల వైపు సాగి, పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువను కలుస్తుంది. ఆ దారిన పడవ మద్రాసు దాకా వెళ్ళేది. రైలు, ఆ తరువాత లారీ వచ్చి పడవ బతుకును మింగేశాయి. 2008లో ఈ కాలువను జాతీయ జలమార్గంలో చేర్చినా సరుకు పడవల నాటి కళ తిరిగి రాలేదు.

పడవ పోయినా మాట పోలేదు, పని మార్చుకుంది. లాకును ఆనుకుని నీటిని అదుపు చేసే రెగ్యులేటరు ఉంటుంది. పంటకు నీరిచ్చేది అదే గాని పడవ గది కాదు. ఆ పొడుగు పేరుతో రైతుకు పనేమిటి? దాన్నీ లాకులే అన్నాడు. ఇప్పుడు "లాకులు ఎత్తారా?" అంటే నీళ్ళు వదిలారా అని అర్థం. పెద్ద కాలువ గేటూ లాకులే, ఊరి బోదెకు నీరిచ్చే తూము షట్టరూ లాకులే. చిక్కంతా ఇక్కడే వస్తున్నది.

కృష్ణా పశ్చిమ డెల్టా ఆయకట్టు సుమారు 5.71 లక్షల ఎకరాలు. రేపల్లె, బాపట్ల దిగువ పొలాలు దాని కొసన ఉన్నాయి. నారు ఎండుతున్న రోజున కొస రైతు "మాకు లాకులు ఎత్తడం లేదు" అని అర్జీ రాస్తే, కచేరీలో చూసేది రెగ్యులేటరు సంగతి. అది ఎత్తే ఉంటే అర్జీ మూలకు పోతుంది. అసలు లోపం పూడిపోయిన బోదెలోనో, తుప్పు పట్టిన తూము తలుపులోనో ఉండవచ్చు. అక్కడికి పోయి చూసేవారుండరు. ఒక్క మాట తేడాతో ఒక తడి పోతుంది.

తప్పు రైతు ఒక్కడిదే అనడం న్యాయం కాదు. "టెయిల్ ఎండ్‌లో డిశ్చార్జి తగ్గింది" అని అధికారులు చెబితే పల్లెవాసికి ఏం అర్థమవుతుంది? డిశ్చార్జి అంటే అతనికి తెలిసింది ఆసుపత్రి నుంచి ఇంటికి రావడం. క్యూసెక్కుల లెక్క రోజూ చెబుతారు గాని, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు నీరని చెప్పేవారు అరుదు. కొస పొలం అనీ, నీటి పారుదల అనీ అంటే ఉద్యోగం పోదు కదా!

లాకులకు బదులుగా సంస్కృతంలోంచి కొత్త మాట కుట్టించనక్కరలేదు. అది తెలుగు మాటే అయింది, ఉండనివ్వాలి. కావలసింది ఏ కట్టడాన్ని ఏమంటారో అక్కడే రాసి పెట్టడం. ప్రతి లాకు, ప్రతి తూము వద్ద తెలుగులో ఒక బోర్డు ఉండాలి. అది ఏ కాలువ, దాని కింద ఏయే ఊళ్ళు, ఎన్ని ఎకరాలు, వంతు ఏ రోజున, లస్కరు ఎవరు అన్నది రైతుకు కనిపించాలి. 1997 చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు ఈ పని తలకెత్తుకోవచ్చు. రైతులు కూడా అర్జీలో లాకులు అని ఊరుకోక, కాలువ పేరు, తూము ఉన్న చోటు, అక్కడ నీరు ఎన్ని అంగుళాలు నిలిచిందీ రాస్తే తప్పించుకునే సందు ఉండదు.

వేసవిలో కాలువలు కట్టి ఉన్నప్పుడే గేట్లకు మరమ్మతులు చేయాలి. ఆ గేట్లకు రంగు పూసే రోజున బోర్డుకూ రెండు పూతలు వేయిస్తే, ఖరీఫ్ నీరు వదిలేనాటికి అక్షరాలు ఆరిపోయి ఉంటాయి.