ఇల్లు కడుతున్నాం – 4: డబ్బా ఎవరు ఖాళీ చేయాలి?

గోడలు లేచాయి. కరెంటు పైపుల కోసం చెక్కుతున్నారు. ప్లాస్టరింగ్ మొదలయ్యేలోపు ఒక సంగతి తేల్చమని మేస్త్రీ తొందరపెడుతున్నాడు. సెంట్రల్ వాక్యూమ్ పెట్టిస్తామా, లేదా?

అదేమిటో మొన్నటిదాకా నాకూ సరిగా తెలియదు. స్కూటర్లు పెట్టుకునే చోట గోడకి ఒక పెద్ద మోటారు, దాని కింద డబ్బా బిగిస్తారు. అక్కణ్ణుంచి రెండంగుళాల పీవీసీ పైపులు గోడల్లోంచి గదులకి వెళ్తాయి. ప్రతిచోటా స్విచ్‌బోర్డులాంటి చిన్న మూత ఉంటుంది. మూత తీసి పొడుగాటి గొట్టం తగిలిస్తే దుమ్మంతా గోడలోంచి వెళ్ళి డబ్బాలో పడుతుంది. మోటారు వదిలే గాలిని ఇంటి బయటికి పంపవచ్చు కాబట్టి సన్నదుమ్ము మళ్ళీ గదిలోకి రాదు. పైపులు కనబడకూడదంటే ఇప్పుడే వెయ్యాలి.

ఇదంతా వివరించినాయన చివర్లో నవ్వుతూ అన్నాడు: "ఇక పనిమనిషి గొడవ ఉండదు మేడం."

నాకు అక్కడ మనసు చివుక్కుమంది. మా అమ్మ ఇరవై ఆరేళ్ళు మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చింది. ఆ జీతంతోనే నేను తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ దాకా వచ్చాను. ఇవాళ అమ్మకి రాత్రిళ్ళు దగ్గు ఆగదు. ఆ దగ్గు వినీ వినీ ఈ మిషన్ గురించి కనుక్కున్నాను తప్ప, మనిషిని వదిలించుకోడానికి కాదు.

మన ఇళ్ళలో చీపురుకి ఎంత మర్యాదో చూడండి. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటారు. పొద్దుగూకాక ఊడిస్తే లక్ష్మి పోతుందంటారు. ఊడ్చే మనిషికి మాత్రం గ్లాసు వేరు. పీష్వాల కాలపు పూనాలో అంటరానివాళ్ళు నడుముకి చీపురు కట్టుకుని, తాము తొక్కిన దుమ్ముని తామే తుడుచుకుంటూ నడవాల్సి వచ్చేదని అంబేడ్కర్ రాశారు.

మరి మిషన్ వస్తే ఇదంతా పోతుందా? మిషన్ ముందు ఎవరి గడప తొక్కిందో చూద్దాం. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ తయారు చేసిన వాక్యూమ్ యంత్రాన్ని గుర్రాలు లాగేవి. దాన్ని వీధిలో నిలబెట్టి, కిటికీల్లోంచి గొట్టాలు లోపలికి పంపేవారు. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో తివాచీలు దానితోనే శుభ్రం చేశారు. రాజుగారి తివాచీకి గొట్టం వచ్చి నూట ఇరవై ఏళ్ళు దాటినా మన నగరాల్లో మనిషి ఇంకా మ్యాన్‌హోల్లోకి దిగుతున్నాడు. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. అందులో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగింది గానీ దిగడం ఆగలేదు. ఎవరి ఊపిరికి విలువుందో కులం ముందే తేల్చేసింది. మిషన్లు కూడా ఆ వరసలోనే వచ్చాయి.

అందుకని మిషన్ వద్దంటానా? అనను. శ్రమ గొప్పదని చీపురుని పొగిడేవాళ్ళ చేతిలో చీపురు ఉండదు. మా వాళ్ళ నడుములకి, ఊపిరితిత్తులకి మిషన్లు కావాలి. కానీ ఆ డబ్బా తనంతట తాను ఖాళీ కాదు. ఎవరో విప్పి కుమ్మరించాలి. టైల్స్ ఎవరో తడిగుడ్డతో తుడవాలి. బాత్రూం ఎవరో కడగాలి. ఆ మిగిలిన పని ఎవరి నెత్తిన పడుతుందో అక్కడే కులం దాక్కుని ఉంటుంది.

ఇప్పుడు మా అద్దెింటికి పనికొచ్చే అక్క కొత్తింటికీ వస్తుంది. ఊడ్చే పని తప్పితే ఆమెకి అరగంట మిగులుతుంది. జీతంలో మాత్రం రూపాయి తగ్గదు. మిషన్ మిగిల్చిన సమయం ఆమెది. డబ్బా మాది.

అమ్మనడిగాను. కాసేపు ఆలోచించి అంది: "పెట్టించమ్మా. డబ్బా మాత్రం అల్లుణ్ణి కుమ్మరించమను."

పక్కనే ఉన్న మా ఆయన సరేనన్నాడు. రేపు పైపులు వేస్తున్నారు.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ హాస్టల్లో చెత్తడబ్బా ఎవరు ఖాళీ చేస్తున్నారు? ఆ మనిషి పేరు మీకు తెలుసా? కనుక్కుని చెప్పండి. వచ్చే భాగం అక్కణ్ణుంచి మొదలుపెడదాం.