పాట మత్తు వేరు, మందు మత్తు వేరు



గత సంచికలో తాగుడు పాటల మీద వచ్చిన వ్యాసం హుషారుగా చదివించింది. అయితే నలుగురూ కూడి తాగే సరదాకు ‘దేవదాసు’ (1953) సినిమా పాటల్ని సాక్ష్యం తేవడం నాకు నచ్చలేదు. సముద్రాల రాసి, ఘంటసాల పాడిన ఆ పాటల్లో ఉన్నది పొత్తు కాదు, ఒంటరితనం. గోష్ఠి కావాలంటే ఉమర్ ఖయ్యామ్‌ను తెలుగు చేసిన దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’ తలుపు తట్టాల్సింది.

మా కోనసీమలో పొత్తు తాగుడంటే తాటిచెట్ల కింద కల్లే. గీత కార్మికుడు మోకు బిగించి ఎక్కి దించిన కల్లు పొద్దున తీపి, మధ్యాహ్నానికి పులుపు. అక్కడ పాడేది సగం పాటే. మిగతా సగం ఎవరికీ గుర్తురాక నవ్వుకోవడమే అసలు గోష్ఠి!

వ్యాసకర్త ముట్టుకోనిది ఇంటి గోడు. ఆ గోడుతోనే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రగిల్చిన సారా వ్యతిరేక ఉద్యమం 1995లో సంపూర్ణ మద్య నిషేధం దాకా వెళ్లింది. 1997లో అది సడలింది. నిషేధం ఉన్న రోజుల్లో మావైపు కొందరు ఎదుర్లంక రేవులో పడవెక్కి, గౌతమి దాటి యానాం పోయేవారు. పాండిచ్చేరి కింద ఉన్న ఊరికి మన నిషేధం వర్తించేది కాదు కదా! పోయేటప్పుడు పాటలు, వచ్చేటప్పుడు తగవులు. అన్నం మూతపెట్టి గుమ్మంలో కూర్చున్న ఇల్లాలి పాట మాత్రం ఎవరూ రాసుకోలేదు. వచ్చే వ్యాసం దాని మీద రాయిస్తే సంతోషిస్తాను.

– ఒక పాఠకుడు, అమలాపురం