వృద్ధులకు నడవదగిన వీధి

వృద్ధుల ఆరోగ్యమునకు ఔషధమెంత అవసరమో, ఇంటి గడప దాటిన పిదప వారు కాలు మోపు నూరు గజముల నేలయు అంత అవసరము.

సూరత్ నగరము ఇందుకు తార్కాణము. మరమగ్గముల పనికై తెలంగాణ జిల్లాలనుండి వలసపోయిన పద్మశాలి కుటుంబములు అచ్చట లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడినవి. మగ్గముల మధ్య యౌవనము గడపినవారు నేడు తాతలు, అవ్వలు అయినారు. 1994లో ప్లేగు వ్యాపించిన పిమ్మట ఆ నగరము పరిశుభ్రతకు పేరు గాంచినది. తాపీ నది చెంత అఠ్వా లైన్స్‌లో చౌపాటీ ఉద్యానము కలదు. కాని లింబాయత్ సందులోని అవ్వ అంత దూరము ప్రతిదినము పోగలదా? ఆమెకు కావలసినది కూరగాయల బండివరకు, గుడివరకు, తోడివారు కూర్చుండు చెట్టునీడవరకు భయములేని దారి.

పెద్దలలో పలువురు వ్యాయామమని వేరుగా చేయరు. కూరలు తెచ్చుట, మనుమని బడికి దిగబెట్టుట, పొరుగువారిని పలుకరించుట, ఇవియే వారి వ్యాయామము. దారి గతుకులుగా నున్నను, కాలిబాటకు వాహనములు అడ్డముగా నిలిపినను, అలసినపుడు కూర్చుండ చోటు లేకున్నను, వారు ఈ పనులను ఒక్కొక్కటిగా మానుకొందురు. నడక తగ్గినకొలది కండలు సన్నగిలును, కాలు నిలుకడ తప్పును. పడి తుంటియెముక విరిగినవారిలో అనేకులు మునుపటివలె నడువజాలరు. వృద్ధులు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలెననియు, 65 ఏండ్లు నిండినవారు నిలుకడ పెంచు వ్యాయామములను వారమునకు 3 దినములైనను చేయవలెననియు 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. వీధి అనుకూలించినచో ఈ శ్రమలో చాలభాగము ఇంటిపనులతోనే తీరును.

పెద్ద ఉద్యానములు నగరమునకు శోభయని కొందరందురు. అది నిజమే. అయినను నిధులు పరిమితములైనపుడు ముందుగా ప్రతి వీధికిని సమమైన కాలిబాట, నీడనిచ్చు చెట్టు, కూర్చుండుటకు బల్ల, రాత్రి దీపము, సమీపమున మరుగుదొడ్డి సమకూర్చుట న్యాయము. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన వయోమిత్ర నగరముల మార్గదర్శిలోను ఆసనములకు, కాలిబాటలకు, మరుగుదొడ్లకు స్థానము కలదు.

ఇది కొత్త భావము కాదు. తెలుగు ఊళ్లలో వీధి అరుగు, గుజరాతీ ఇండ్లముందు ఓట్లో పెద్దలకు చిరకాలము విశ్రాంతిస్థానములై యుండెను. ఇండ్లు ఇరుకై అవి తగ్గినచోట వాని పనిని వీధియే చేయవలెను.

పౌరుల బాధ్యతయు కలదు. కాలిబాటపై బండి నిలుపక, సామాను పేర్చక, ఇంటిముందు ఒక ఆసనముంచుట ఎవరికిని భారము కాదు. పెద్దలు ఒకరి చేయూత లేక బజారునకు పోయి రాగలిగిన పేటయే ఆరోగ్యవంతమైన పేట.