నూట అరవై చదరపు అడుగుల సంసారం

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్న మన పెద్దలు ఒక్క గృహస్థును మాత్రమే దృష్టిలో ఉంచుకొని ఆ మాట అన్నారు. వేలాది కుటుంబాలకు ఒక్కసారిగా ఇళ్ళు కట్టి చూడమని ఒక ప్రభుత్వాన్ని హెచ్చరించవలసిన అవసరం వారికి కలుగలేదు. ఆ అవసరం తీవ్రంగా ఎదురైన నగరాలలో నాటి బొంబాయి, నేటి ముంబయి ముఖ్యమైనది. అక్కడి బి.డి.డి. చాళ్ళ వృత్తాంతాన్ని ఈ నెల పాఠకుల ముందుంచదలచాము. ఏదో ఒక దశలో సంస్థ ఇచ్చిన క్వార్టర్సులో కాపురం చేసినవారమే మనలో చాలామందిమి. కనుక ఈ కథ మనకు పరాయిది కాదు.

1896లో బొంబాయిని ప్లేగు మహమ్మారి చుట్టుముట్టింది. గాలి, వెలుతురు చొరని ఇరుకు ఇళ్ళలో వ్యాధి ఎంత వేగంగా వ్యాపిస్తుందో పాలకులకు అప్పుడు తెలిసివచ్చింది. 1898లో నగరాభివృద్ధి ట్రస్టును నెలకొల్పి, ఇరుకు పేటలను తొలగించడం, కొత్త రహదారులు వేయడం, కొన్ని నివాసాలు నిర్మించడం ఆరంభించారు. అయితే నూలు మిల్లులు పెరుగుతున్న కొద్దీ కార్మికులు తండోపతండాలుగా వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధానంతరం అద్దెలు విపరీతంగా పెరిగాయి. ఈ నేపథ్యంలో గవర్నరు సర్ జార్జి లాయిడ్ హయాంలో 1920లో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్టుమెంటు ఏర్పడింది. ఆ శాఖ పేరులోని పొడి అక్షరాలే బి.డి.డి. కార్మికుల కోసం 50,000 ఒంటిగది ఇళ్ళు కట్టాలన్నది దాని సంకల్పం. ఇందుకు కావలసిన ధనంలో కొంత భాగం కోసం నగరానికి వచ్చే దూదిపై బేలుకు ఒక రూపాయి చొప్పున సుంకం విధించారు. ఏ దూది కార్మికుణ్ణి పల్లె నుంచి నగరానికి రప్పించిందో, ఆ దూదే అతనికి నీడ కల్పించాలన్న ఆలోచన అందులో ఉన్నది.

సంకల్పం 50,000 అయినా, కార్యరూపం దాల్చింది మూడవ వంతు మాత్రమే. వర్లీలో 121, నాయగాఁవ్‌లో 42, నేడు ఎన్.ఎం. జోషి మార్గ్‌గా పిలిచే డిలైల్ రోడ్డులో 32, శివ్డీలో 12, మొత్తం 207 భవనాలు లేచాయి. ఒక్కొక్కటి నేల అంతస్తు, దానిపై మూడు అంతస్తులు. భవనానికి 80 గదులు. ఆ లెక్కన సుమారు 16,500 ఇళ్ళు. గది వైశాల్యం 160 చదరపు అడుగులు. అంటే పదహారడుగుల పొడవు, పదడుగుల వెడల్పు అనుకోవచ్చు. నడుమ పొడవైన నడవా, దానికి ఇరువైపులా గదులు, అంతస్తులోని వారందరికీ ఉమ్మడిగా మరుగుదొడ్లు. ఆ నాలుగు గోడల మధ్యనే వంట, పడక, పిల్లల చదువు, బాలింత పురుడు, పెద్దల చివరి శ్వాస!

కట్టగానే జనం వచ్చి చేరారనుకుంటే పొరపాటు. అద్దెలు కార్మికునికి భారమయ్యాయి. నాటి వర్లీ నగరానికి ఎడంగా ఉన్నట్లు తోచేది. అందువల్ల అక్కడి చాళ్ళు ఏళ్ళ తరబడి చాలావరకు ఖాళీగానే పడి ఉన్నాయి. 1930లో శాసనోల్లంఘన ఉద్యమం సాగినప్పుడు ప్రభుత్వం వాటిలో కొన్నింటిని తాత్కాలిక కారాగారంగా మార్చి సత్యాగ్రహులను నిర్బంధించింది. నివాసం కోసం కట్టిన గదులకు తొలి అతిథులుగా ఖైదీలు రావడం చరిత్ర చేసిన పరిహాసం. అయితే అందులో ఒక పాఠం కూడా ఉన్నది. అద్దె, పనిచోటుకు దూరం, బజారు, బడి, ఇవేవీ లెక్కలోకి తీసుకోకుండా కట్టిన కట్టడం ఎంత దృఢమైనదైనా ఇల్లు కాజాలదు.

దానిని ఇల్లుగా మార్చినవారు తరువాత వచ్చిన నివాసులే. కొంకణం నుంచి, సతారా నుంచి మరాఠీ కార్మికులు వచ్చారు. మన కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలి నేతపనివారు మగ్గం విడిచి మిల్లు చేరారు. వర్లీ, పరేల్, నాయగాఁవ్ ప్రాంతాలలో తెలుగు మాట వినిపించడానికి వారే కారణం. పగటి పాళీవారు పనికి వెళ్ళగానే రాత్రి పాళీవారు వచ్చి అదే చోట చాప పరచుకొని పడుకొనేవారు. ఇల్లాలిని ఊళ్ళో వదిలి వచ్చిన ఒంటరి కార్మికులకు గిరణ్‌గాఁవ్‌లో, అంటే ఆ మిల్లుల ప్రాంతంలో, స్త్రీలు తమ ఇళ్ళలోనే వండి భోజనం పెట్టేవారు. ఆ పూటకూళ్ళను ‘ఖానావళు’లనేవారు. వ్యాయామశాలలు, భజన మండళ్ళు, గణపతి ఉత్సవాలు ఏర్పడ్డాయి. తలుపు మూసే అలవాటు లేని ఆ నడవాలో ఒకరి బిడ్డను మరొకరు కనిపెట్టుకొని ఉండేవారు. ప్రభుత్వం గదులు మాత్రమే కట్టింది, పేటను కట్టినవారు ప్రజలు.

ఇంతమాత్రాన చాళ్ళ జీవితాన్ని స్వర్గంగా చిత్రించడం మా ఉద్దేశం కాదు. ఉమ్మడి మరుగుదొడ్డి ముందు వేకువనే బారులు తీరి నిలబడవలసి రావడం ఎవరికీ గౌరవప్రదం కాదు. స్త్రీల విషయంలో అది మరింత దుర్భరం. 1974 జనవరిలో వర్లీ చాళ్ళలో దళితులకు, సవర్ణులకు మధ్య జరిగిన ఘర్షణలు ఇరుగుపొరుగు బంధం ఎంత పెళుసుగా ఉండగలదో కూడా చూపాయి. అయినా 1982 జనవరి 18న మిల్లు కార్మికుల మహా సమ్మె మొదలై, నెలల తరబడి జీతాలు లేక, ఆపై మిల్లులే మూతపడినప్పుడు, చాలా కుటుంబాలను నిలబెట్టింది ఆ స్వల్ప అద్దె గది, ఆ నడవా. కిరాణా అరువు, చేబదులు, ఇంటిపట్టున స్త్రీలు చేసుకొన్న చిన్న పనులు, ఇవన్నీ పరిచయం మీద నడిచేవి. ఆ పరిచయానికి ఏ లెక్కల పుస్తకంలోనూ విలువ కట్టలేదు.

తొంబై ఏళ్ళు గడిచేసరికి భవనాలు శిథిలమయ్యాయి. కాంక్రీటు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడ్డాయి. 2017లో మహారాష్ట్ర ప్రభుత్వం పునర్నిర్మాణానికి శంకుస్థాపన చేసింది. బాధ్యతను రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేపట్టింది. అర్హుడైన ప్రతి నివాసికి 160కి బదులు 500 చదరపు అడుగుల సొంత ఇల్లు, నిర్మాణ వ్యయం తీసుకోకుండా ఇవ్వాలన్నది పథకం. అదే స్థలంలో అదనంగా కట్టిన ఇళ్ళను బహిరంగ విపణిలో అమ్మగా వచ్చిన ధనంతో ఈ వ్యయాన్ని పూడ్చుకొంటారు. వర్లీ చాళ్ళ స్థలమొక్కటే సుమారు 60 ఎకరాలు. నగరం నడిబొడ్డున అంత భూమికి ఉన్న ధరే ఈ పథకానికి ప్రాణవాయువు. శివ్డీ చాళ్ళు మాత్రం పోర్టు ట్రస్టు భూమిలో ఉన్నందున తొలుత ఆరంభమైన పనులలో చేరలేదు. రెండు ప్రభుత్వ విభాగాల సరిహద్దు మీద నివసించడం ఎంత కష్టమో మన ఉద్యోగులకు వేరుగా చెప్పనక్కరలేదు. వర్లీలో పనులు 2021 ఆగస్టులో మొదలయ్యాయి. 2025 ఆగస్టులో 40 అంతస్తుల భవనంలో తొలి విడతగా 556 కుటుంబాలకు తాళం చెవులు అందాయి. తమ ఇంటిలోనే స్నానాల గది, మరుగుదొడ్డి ఉండడం వారిలో ఎందరికో జీవితంలో మొదటిసారి. ఇది సామాన్యమైన విజయం కాదు.

ఈ కథలో మనకు మరింత దగ్గరగా తగిలే ఘట్టం ఒకటున్నది. ఈ చాళ్ళలో రెండు వేలకు పైగా గదులు పోలీసు సిబ్బందికి క్వార్టర్సుగా కేటాయించినవి. ఉద్యోగం ముగిసినా ఎన్నో కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. పక్క గదిలోని మిల్లు కార్మికుని కుటుంబానికి సొంత ఇల్లు వస్తుంటే, అదే నడవాలో ముప్ఫై ఏళ్ళు గడిపిన కానిస్టేబులు కుటుంబం ఖాళీ చేసి పోవలసిందేనా? క్వార్టర్సు ఉద్యోగానికి ఇచ్చినదా, మనిషికి ఇచ్చినదా? తుదకు 2022లో ప్రభుత్వం నిర్ణీత అర్హతలున్న పోలీసు కుటుంబాలకు 15 లక్షల రూపాయల ధరకు ఇల్లు ఇచ్చేందుకు అంగీకరించింది. పదవీ విరమణ నాడు పూలదండతో పాటు ‘ఖాళీ చేయవలసిన గడువు’ కాగితం కూడా అందుకొనే ఉద్యోగులకు ఈ ప్రశ్న బరువు తెలుసు.

ఇక ముందున్న పరీక్ష ఏమిటి? నాలుగు అంతస్తుల చాల్‌కు లిఫ్టు లేదు, నీటిని నలభై అంతస్తులకు ఎక్కించే మోటార్లు లేవు, అగ్నిమాపక యంత్రాలు లేవు. కొత్త భవనానికి ఇవన్నీ ఉన్నాయి. వాటి ఖర్చు నెలనెలా వస్తుంది. ఇల్లు ఉచితంగా రావచ్చు గాని లిఫ్టు ఉచితంగా ఎక్కదు, దిగదు. నామమాత్రపు అద్దెతో బతికిన పింఛనుదారు, ఇళ్ళలో పనిచేసుకొనే వితంతువు ఆ నిర్వహణ రుసుమును ఎంతకాలం భరించగలరు? భరించలేక ఇల్లు అమ్ముకొని దూరపు శివారుకు తరలితే, నూరేళ్ళ పేట తన మనుషులు లేకుండా పేరు మాత్రమే మిగుల్చుకొంటుంది. రెండవది, ఎవరికి ఏ ఇల్లు అన్నది కంప్యూటరు లాటరీ తేల్చింది. పక్షపాతానికి తావు లేకుండా చేయడానికి అది మంచి పద్ధతే. కాని నిన్నటి ఎదురు గదివారు నేడు పది అంతస్తుల పైకి చేరవచ్చు. లాటరీ యంత్రానికి ఫ్లాటు సంఖ్య తెలుసును గాని, జ్వరం వచ్చిన రాత్రి ఎవరు ఎవరి తలుపు తట్టేవారో తెలియదు.

ఎత్తైన భవనాలలో ప్రజాగృహాలు నిలవవని మేము అనడం లేదు. సింగపూరులో 1960లో గృహనిర్మాణ మండలి ఏర్పడింది. నేడు అక్కడి స్థిర నివాసులలో మూడొంతులకు పైగా అటువంటి ప్రభుత్వ నిర్మిత ఇళ్ళలోనే ఉంటున్నారు. కట్టడంతో పని ముగిసిందని వారు భావించలేదు. 1988 చట్టం ద్వారా పట్టణ మండళ్ళను ఏర్పరచి, ఉమ్మడి స్థలాల నిర్వహణను వాటికి అప్పగించారు. చిన్న ఇంటివారు తక్కువ, పెద్ద ఇంటివారు ఎక్కువ చొప్పున నెలసరి రుసుము చెల్లిస్తారు. భవిష్యత్తులో రాబోయే భారీ మరమ్మతులకు అందులోంచి కొంత విడిగా దాచి ఉంచుతారు. చాలా భవనాలలో నేల అంతస్తును ఇళ్ళు లేకుండా ఖాళీగా వదలి, పెళ్ళికి, చావుకు, పిల్లల ఆటకు, పెద్దల ముచ్చటకు అందరికీ ఉమ్మడిగా ఉంచారు. అది ఒక విధంగా చాల్ నడవాయే, కిందికి దిగివచ్చిన నడవా!

వర్లీకి కావలసినవి కూడా అవే. సంపాదనకు తగిన నిర్వహణ రుసుము, ముందునుంచే పోగుచేసిన మరమ్మతుల నిధి, లెక్కలు బహిరంగంగా చూపే నివాసుల సంఘం, నలుగురు కూర్చొనే ఉమ్మడి జాగా. వీటిలో ఏదీ గోడ కట్టడం కంటె కష్టమైనది కాదు. గోడ కట్టినంత శ్రద్ధతో చేయకపోవడమే మన దేశంలో అలవాటైపోయింది.

ముంబయి దాకా పోనక్కరలేదు, మన క్వార్టర్సుల వంక చూద్దాం. మెట్ల దగ్గర బల్బు మాడిపోతే అది ఎస్టేటు విభాగం పని, నీటి తొట్టి పొర్లిపోతే అది సివిల్ విభాగం పని అని మనం తలుపు వేసుకొంటాము. ఫిర్యాదు వ్రాయడం మన హక్కే, విభాగం స్పందించడం దాని విధే. కాని పేట అన్నది ఏ విభాగం పద్దులోనూ లేని వస్తువు. 160 అడుగుల గదిలో బతికిన మిల్లు కార్మికులు తమ చేతులతో దానిని తయారుచేసుకొన్నారు. అంతకు ఎన్నో రెట్లు విశాలమైన ఇళ్ళలో ఉన్న మనం, రాబోయే క్వార్టర్సు సంక్షేమ సంఘ సమావేశానికి ఇంటికొక్కరమైనా హాజరై, పదవీ విరమణ చేయబోయే మన ఇరుగుపొరుగువారి నివాస సమస్యను కూడా చర్చాంశాలలో చేర్చమని కోరడం సముచితమని మా మనవి.