రోజుకో రూపాయి, ఎవరి పేరున?

నెల్లూరు పేరెత్తితే మనవాళ్ళకి చేపల పులుసు, మైపాడు బీచి గుర్తొస్తాయి. జీతాలు పడే రోజు నాకు మాత్రం దూబగుంట గుర్తొస్తుంది. సముద్రానికి దూరంగా, కలిగిరి మండలంలో ఉన్న పల్లె అది. 1992లో వర్ధినేని రోశమ్మ, తోటి ఆడవాళ్ళు కలిసి సారా కొట్టు మూయించిన ఊరు. అక్షరాస్యత ఉద్యమం రాత్రి బడుల్లో ఆ కథే పాఠమై పక్క ఊళ్ళకు పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

దాన్ని మనం తాగుడు మీద పోరాటంగానే గుర్తుపెట్టుకున్నాం. నాకైతే అది డబ్బు గొడవ కూడా. కూలి పని ఒకరిది, ఆ కూలి మీద పెత్తనం ఇంకొకరిది. అందుకే ఆ ఆడవాళ్ళు కొట్టు మూయించి ఊరుకోలేదు. తర్వాత నెల్లూరు జిల్లాలో 'పొదుపు లక్ష్మి' మొదలైంది. రోజుకో రూపాయి, గ్రూపు పేరున బ్యాంకు ఖాతా. డబ్బు తీయాలంటే గ్రూపంతా ఒప్పుకోవాలి. ఇంట్లో కొట్టి లాక్కుందామన్నా అక్కడ దొరకదు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. జీతం లక్షల్లో ఉంటుంది, ఏటీఎం కార్డు ఆయన పర్సులో ఉంటుంది. ఓటీపీ ఆయన ఫోనుకి వెళ్తుంది. ఈమె పే స్లిప్పు బావుందని ఈమె పేరున పర్సనల్ లోను, ఆ డబ్బు ఎక్కడికి పోయిందో ఈమెకి తెలీదు. కొన్నిళ్ళలో పెత్తనం మొగుడిది కాదు, అమ్మానాన్నలదో అన్నదో. మగవాళ్ళకీ ఇది జరుగుతుంది, కాకపోతే పరువు పోతుందని చెప్పుకోరు.

"మొగుడూ పెళ్ళాల మధ్య లెక్కలేంటండీ?" అంటారు. నిజమే, ఎంతోమంది ఇష్టపడే డబ్బు వ్యవహారం ఒకరికి వదిలేస్తారు. అందులో తప్పేం లేదు. తేడా తెలియాలంటే రెండు ప్రశ్నలు చాలు. అడిగితే లెక్క చెప్తారా? వద్దంటే ఆగుతారా? రెండిటికీ జవాబు గొడవే అయితే, దాన్ని నమ్మకం అనకూడదు.

చట్టం కూడా దీన్ని హింసనే అంటోంది. 2005 గృహహింస చట్టంలో 'ఆర్థిక హింస' విడిగా ఉంది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. స్త్రీధనం లాక్కోవడం, ఇంటి ఖర్చులకివ్వకపోవడం, ఉమ్మడి ఆస్తి అమ్మేయడం అన్నీ అందులోకి వస్తాయి. బ్యాంకు ఖాతా, లాకరు ముట్టుకోవద్దని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. పెళ్ళిలాంటి సహజీవనంలో ఉన్నవాళ్ళకీ, పుట్టింట్లో ఉన్న కూతురికీ వర్తిస్తుంది. ఈ చట్టం కింద మగవాళ్ళు ఫిర్యాదు చేసే వీల్లేదు.

కోర్టుదాకా పోకముందే చేసుకోగలిగినవి కొన్నున్నాయి. జీతం మీ ఒక్కరి ఖాతాలోనే పడనివ్వండి, ఇంటి ఖర్చుకి అక్కడ్నుంచి జాయింటు ఖాతాకి పంపండి. ఆ ఖాతాకి కట్టిన సిమ్ము మీ దగ్గరే ఉండాలి. ఇంటి లోనులో సహ రుణగ్రహీతగా సంతకం పెడితే అప్పంతటికీ బాధ్యులే, ఇల్లు మీదవ్వాలంటే మాత్రం రిజిస్టరు దస్తావేజులో పేరుండాలి. ఈఎంఐ కట్టినంత మాత్రాన హక్కు రాదు. మీ పేరున ఏమేం అప్పులున్నాయో క్రెడిట్ రిపోర్టులో తెలుస్తుంది, ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు. నగల జాబితా, రసీదుల ఫొటోలు ఇంకెక్కడైనా దాచండి. బెదిరింపులున్న ఇంట్లో ఇవన్నీ ఒక్కరోజులో మార్చబోతే మీదికే రావచ్చు. ముందు నమ్మకమైన మనిషికి గానీ, 181 హెల్ప్‌లైనుకి గానీ చెప్పి మొదలెట్టండి.

అసలు కిటుకు ఆ చెప్పడంలోనే ఉంది. దూబగుంట ఆడవాళ్ళ కూలి మన ఒక్కపూట పిజ్జాకి చాలదు. అయినా మన దగ్గర లేనిది వాళ్ళకి ఒకటుంది: ఒకరింటి సంగతి పదిమందికీ తెలుసు. మనం మాత్రం పక్క సీటులో ఉన్న మనిషితో అప్రైజల్ గురించి గంట మాట్లాడతాం, ఆ జీతం ఎవరి చేతికి పోతోందో ఒక్క ముక్క చెప్పం. చెప్పేవాళ్ళు ఉన్నా, వినేవాళ్ళం మనం సిద్ధంగా ఉన్నామా?