ఒక్క సంతకం కొరవడినందుకు

చట్టం – జీవితం

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లోని రైల్వే క్వార్టరు ఎన్నేళ్లు కాపురమున్నా నివాసి సొంతం కాదు. పదవీ విరమణ తరువాత గాని, ఉద్యోగి మరణం తరువాత గాని, నిర్ణీత గడువు తీరగానే ఖాళీ చేయవలసినదే. వాకిట నాటిన కరివేప మొక్క మానై నీడనిచ్చినా, అది తరువాత వచ్చేవారికే చెందుతుంది. అందుచేత ఆ పేటలో పుట్టి పెరిగినవారికి న్యాయశాస్త్రంలోని మొదటి పాఠం పుస్తకం తెరవకుండానే తెలుసు. ఇంట్లో ఉండడం వేరు, ఇంటిపై హక్కు కలిగి ఉండడం వేరు.

ఈ భేదం ఎంత కఠినమైనదో తెలుసుకోవాలంటే సముద్రాలు దాటి, అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో బ్రిస్టో అనే చిన్న ఊరి దాకా వెళ్లాలి. అక్కడ శామ్ బోమాంట్, ఎర్ల్ మెడోస్ అనే ఇద్దరు పురుషులు ఒక పశుక్షేత్రంలో ఇరవై ఏళ్లకు పైగా కలిసి జీవించారు. శామ్ గుర్రాల మధ్య, గొడ్ల మధ్య బ్రతికిన మనిషి. తలపై వెడల్పాటి టోపీ, కాళ్లకు పొడుగు బూట్లు, అచ్చమైన కౌబాయ్ వేషం. అతనికి ముగ్గురు కుమారులు. ఎర్ల్ ఆ పిల్లలకు రెండవ తండ్రి అయ్యాడు. వారిద్దరి మధ్య ఉన్నది పాలివారి పొత్తు కాదు, ఒకే కప్పు కింద నివసించే స్నేహితుల సర్దుబాటు కూడా కాదు. అది దాంపత్యం. అయితే ఆ పేరుతో దానిని పిలిచే చట్టం ఆనాడు ఓక్లహోమాలో లేదు.

క్షేత్రం ఎర్ల్ పేరిట ఉండేది. తన తదనంతరం సర్వస్వం శామ్‌కు చెందాలని అతడు వీలునామా వ్రాశాడు. మనసులోని కోరికను కాగితం మీద పెట్టిన దూరదృష్టి గలవాడే. కాని ఓక్లహోమా చట్టం ప్రకారం వీలునామాపై ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఎర్ల్ వీలునామాలో ఒక సాక్షి సంతకం కొరవడింది. అతడు మరణించిన తరువాత దాయాదులు రంగంలోకి వచ్చారు. 2003లో న్యాయస్థానం తీర్పు శామ్‌కు వ్యతిరేకంగా వెలువడింది. వీలునామా చెల్లలేదు, క్షేత్రం చేజారిపోయింది. అంతటితో ఆగక, ఎర్ల్ పోయిన తరువాత ఆ ఇంట్లో నివసించిన కాలానికి అద్దె చెల్లించాలని కూడా ఆ బంధువులు దావా వేశారు. తన చేతులతో కంచె వేసిన నేలపై శామ్ అద్దెదారుగా లెక్కకు వచ్చాడు. జిమ్ డి సేవ్ అనే దర్శకుడు 2004లో నిర్మించిన ‘టైయింగ్ ది నాట్’ అనే వార్తాచిత్రం ద్వారా ఈ ఉదంతం లోకానికి తెలిసింది.

టోపీ మాటున మనిషి

కౌబాయ్ అనగానే తెలుగు పాఠకునికి 1971 నాటి ‘మోసగాళ్ళకు మోసగాడు’ చిత్రంలో గుర్రమెక్కిన కృష్ణ గుర్తుకు రావడం సహజం. నడుమున తుపాకి, కళ్లలో నిప్పులు, కడపటి దృశ్యంలో కథానాయిక. వెండితెర మనకిచ్చిన కౌబాయ్ ఇతడే. చరిత్రలోని కౌబాయ్ ఇంతకంటె బీదవాడు, ఇంతకంటె ఒంటరివాడు. అమెరికా అంతర్యుద్ధం ముగిసిన 1865 తరువాత రెండు దశాబ్దాల పాటు టెక్సస్ గొడ్లను వందల మైళ్లు తోలుకుపోయి రైలు చేరిన ఊళ్లలో అప్పగించడం అతని జీవనోపాధి. వారిలో నల్లజాతివారు, మెక్సికో దేశస్థులు ఎందరో ఉన్నారు. 1874లో ముళ్లతీగ కంచెకు పేటెంటు లభించింది. బయలు మైదానాలు కంచెల మధ్య చిక్కుకున్నాయి. రైలుమార్గాలు మరింత దూరం చొచ్చుకువచ్చాయి. సంచార గోపాలకుడు క్రమంగా ఒక క్షేత్రంలో జీతగాడుగా స్థిరపడ్డాడు.

నెలల తరబడి ఆడదిక్కు లేని చోట, ఒకే పొయ్యి దగ్గర వండుకొని, ఒకే గుడారంలో చలి కాచుకొని బ్రతికిన పురుషుల మధ్య గాఢమైన అనుబంధాలు ఏర్పడడంలో వింత లేదు. వాటిలో అధికభాగం స్నేహాలు. కొన్ని ప్రేమలు. రెంటికీ నడుమ గీత గీయవలసిన అవసరం ఆ మైదానాలలో ఎవరికీ తోచి ఉండకపోవచ్చు. ఆ గీతను తరువాతి కాలపు సమాజం గీసింది. కౌబాయ్‌ని మగతనానికి మూసగా నిలబెట్టి, ఆ మూసలో ఇమడనివారిని నోరు మూసుకొనవలసినదిగా ఆజ్ఞాపించింది.

ఆ మౌనం భంగం కావడానికి చాలాకాలం పట్టింది. పురుషులను ప్రేమించే పురుషులు సైతం గుర్రపు స్వారీలో, ఎద్దులను లొంగదీయడంలో ఎవరికీ తీసిపోరని చూపుతూ 1976లో నెవాడా రాష్ట్రపు రీనో నగరంలో ప్రత్యేకంగా రోడియో పోటీలు జరిగాయి. 1997లో ఆనీ ప్రూ అనే రచయిత్రి వయోమింగ్ కొండలలో గొర్రెలు కాసిన ఇద్దరు యువకుల కథను ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’ పేరిట వెలువరించింది. ఆంగ్ లీ 2005లో దానిని చలనచిత్రంగా తీసి, మరుసటి ఏట ఉత్తమ దర్శకునిగా ఆస్కార్ బహుమతి అందుకొన్నాడు. ప్రేక్షకులు కన్నీరు పెట్టారు. అయితే కన్నీటికి చట్టంలో స్థానం లేదు. కల్పనలోని ప్రేమికులను విడదీసినది భయం. బ్రిస్టోలో శామ్‌ను నిరాశ్రయుని చేసినది ఒక సంతకం.

ఇద్దరు సాక్షులు ఎందుకు?

ఒక్క సంతకం కొరకు ఇంత అన్యాయమా అని ఎవరైనా అడుగుతారు. నియమం మాత్రం నిష్కారణమైనది కాదు. వీలునామా మాట్లాడే వేళకు దానిని వ్రాసినవాడు జీవించి ఉండడు. ‘ఇది నా ఇష్టమే’ అని చెప్పడానికి అతడు తిరిగి రాలేడు. మోసాన్ని, బలవంతాన్ని నివారించడానికి సాక్షులు అవసరమయ్యారు. 1837 నాటి ఇంగ్లండు వీలునామాల చట్టం ఇద్దరు సాక్షులను విధించింది. మన దేశంలో అమలులో ఉన్న 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని 63వ సెక్షను సైతం కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలని శాసిస్తున్నది. అనగా బ్రిస్టోలో ఎర్ల్ చేసిన పొరపాటు ఖరగ్‌పూర్‌లో జరిగినా, కాకినాడలో జరిగినా ఫలితం ఒక్కటే.

నియమం అందరికీ సమానమే. దెబ్బ మాత్రం సమానం కాదు. ఎర్ల్‌కు భార్య ఉండి, ఆమె విషయంలో ఇదే లోపం జరిగి ఉంటే, వీలునామా కొట్టివేసినా వారసత్వ చట్టం ఆమెను వట్టి చేతులతో పంపి ఉండేది కాదు. వివాహితులకు వీలునామా రెండవ తాళం. పెళ్లికి నోచుకోనివారికి అదొక్కటే తాళం.

హిందూ వారసత్వ చట్టం, 1956 ఈ సంగతిని మరింత స్పష్టం చేస్తుంది. వీలునామా లేకుండా పురుషుడు మరణిస్తే మొదట బిడ్డలు, భార్య, తల్లి మున్నగు మొదటి తరగతి వారసులు వస్తారు. వారు లేనప్పుడు తండ్రి, తోబుట్టువులు మొదలైనవారు. వారూ లేకపోతే పురుషుల ద్వారా కలిసే దాయాదులు, ఆపై స్త్రీల ద్వారా కలిసే బంధువులు. ఎవ్వరూ లేనినాడు ఆస్తి ప్రభుత్వానికి చేరుతుంది. ఈ పొడవాటి వరుసలో ముఖపరిచయం లేని పినతాత మనుమనికి చోటున్నది, ప్రభుత్వానికి చోటున్నది. ముప్పై ఏళ్లు పక్కన నిలిచిన సహచరునికి మాత్రం చోటు లేదు.

న్యూ సెటిల్‌మెంట్‌లో ఆలోచిస్తే

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల తెలుగువారు ఉపాధి వెదుకుతూ ఖరగ్‌పూర్ చేరారు. కారఖానాలో, లోకో షెడ్డులో, రైలుమార్గంపై పనిచేశారు. ఇటువంటి వలసలో ఒంటరి మగవాళ్లు ఒకే గదిలో సర్దుకోవడం, జీతాలు కలిపి సరకులు తెచ్చుకోవడం, ఒకరి జ్వరానికి మరొకరు మేలుకోవడం పరిపాటి. అటువంటి ఇద్దరు మిత్రులు జీవితాంతం కలిసి ఉండిపోయారని ఊహించండి. వారిలో ఒకడు ఉద్యోగి, మరొకడు చిన్న దుకాణదారు. ఇరుగు పొరుగు వారిని ‘అన్నదమ్ముల్లాంటివాళ్లు’ అంటుంది. ఆ మాటలో ఆదరణ ఉన్నది, అంతకు మించి అడగకూడదన్న మర్యాద కూడా ఉన్నది.

ఉద్యోగి మరణించిన నాడు ఆ మర్యాద అక్కరకు రాదు. కుటుంబ పింఛను పేరుకు తగినట్లు కుటుంబానికే. భవిష్యనిధి నిబంధనల ప్రకారం, అందులో నిర్వచించిన కుటుంబం ఉన్న ఉద్యోగి వెలుపలివారిని నామినీగా వ్రాస్తే అది చెల్లదు. క్వార్టరు గడువు పొడిగింపు కుటుంబం కొరకే. ఉద్దానంలోనో, టెక్కలి వైపునో సోదరుని కుమారుడు రైలు దిగుతాడు. దుకాణదారు తన బట్టల పెట్టె సర్దుకొంటాడు. ఎవరూ దుర్మార్గులు కానక్కరలేదు. కాగితం మౌనంగా ఉన్నచోట రక్తం మాట్లాడుతుంది.

మారినది, మారనిది

1860లో ఆంగ్లేయులు రచించిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షను పురుషుల మధ్య ప్రేమను నేరం చేసింది. నేరస్థునిగా ముద్రపడే భయం ఉన్నవాడు వీలునామాలో ‘నా సహచరునికి’ అని ఎలా వ్రాస్తాడు? 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వయోజనులు పరస్పర సమ్మతితో సాగించే సంబంధాన్ని ఆ సెక్షను నుండి తప్పించింది. భయం తొలగింది గాని బంధుత్వం రాలేదు.

బంధుత్వం కొరకు కోర్టుకెక్కినవారిలో ముందువరుసలో నిలిచినది హైదరాబాదు జంట. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో హైదరాబాదు శివార్లలో ఆత్మీయుల సమక్షంలో వేడుక జరుపుకొన్నారు. చట్టం దానిని వివాహంగా లెక్కించదు. వారు, మరికొందరు వేసిన వ్యాజ్యంలో 2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది. వివాహం ప్రాథమిక హక్కు కాదని ధర్మాసనం ఏకగ్రీవంగా పలికింది. వివాహం కాని మరో రూపంలో గుర్తింపు ఇవ్వాలన్న అభిప్రాయం ఇద్దరు న్యాయమూర్తులకు మాత్రమే పరిమితమై వీగిపోయింది. అమెరికాలో 2015 జూన్ 26 నుండి అన్ని రాష్ట్రాలలోనూ ఇటువంటి వివాహం చెల్లుతున్నది. శామ్‌కు అది పన్నెండేళ్లు ఆలస్యమైన న్యాయం.

తీర్పు అనంతరం మన దేశంలో కొన్ని చిన్న తలుపులు తెరుచుకొన్నాయి. ఇటువంటి జంటలు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఆటంకం లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. రేషన్ కార్డు కొరకు వారిని ఒకే ఇంటివారుగా పరిగణించాలని రాష్ట్రాలకు సూచన వెళ్లింది. అయినా నామినీ అంటే వారసుడు కాడు. నామినీ సొమ్ము అందుకొనే వ్యక్తి మాత్రమే గాని యజమాని కానక్కరలేదని సుప్రీంకోర్టు బీమా వివాదమొకదానిలో 1983లోనే తేల్చింది. భార్యాబిడ్డలకు, తల్లిదండ్రులకు బీమా చట్టం 2015లో మినహాయింపు ఇచ్చింది. సహచరునికి ఇవ్వలేదు.

చేయదగినది

చట్టం మారేవరకు మిగిలిన కవచం కాగితమే. వీలునామా తెల్ల కాగితంపై వ్రాసినా చెల్లుతుంది, స్టాంపు రుసుము అక్కరలేదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని చేయిస్తే మేలు. వ్రాసిన వ్యక్తి సాక్షుల ఎదుట సంతకం చేయాలి, సాక్షులిద్దరూ అతని ఎదుట సంతకం చేయాలి. ఆస్తి పొందేవాడు సాక్షి కాకుండా ఉండడం వివేకం. సాక్షులు వ్రాసిన వ్యక్తికంటె చిన్నవారైతే మంచిది, రేపు కోర్టులో వారిలో ఒకరైనా నిలబడి చెప్పవలసి ఉంటుంది. ఇల్లు కలిసి కొంటే దస్తావేజులో ఇద్దరి పేర్లూ, ఎవరి వాటా ఎంతో కూడా వ్రాయించాలి. అయితే ఉమ్మడి పేరు ఉన్నంత మాత్రాన ఒకరి వాటా రెండవవారికి దానంతటది సంక్రమించదు. దానికీ వీలునామా కావాలి. బ్రతికి ఉండగానే ఇవ్వదలిస్తే దానపత్రం ఉన్నది. దానికి రిజిస్ట్రేషనుతో పాటు ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రక్తసంబంధీకులకు అనేక రాష్ట్రాలు ఇచ్చే రుసుము రాయితీ మాత్రం మిత్రులకు లభించదు.

ఈ జాగ్రత్తలు స్వలింగ ప్రేమికులకు మాత్రమే సంబంధించినవని తలచరాదు. పెళ్లి చేసుకోకుండా కలిసి బ్రతికిన అక్కచెల్లెళ్లు, పెంచిన పిల్లలను చట్టప్రకారం దత్తత చేసుకోనివారు, ముసలితనంలో ఒకరికొకరై నిలిచిన స్నేహితులు అందరూ ఇదే గట్టున ఉన్నారు. తమ ప్రేమ అందరికీ తెలిసినదే కదా అని వారు నిశ్చింతగా ఉంటారు. ఊరికి తెలిసినది న్యాయస్థానానికి తెలియదు. ప్రేమించినవారికి చేయదగిన ఉపకారాలలో మిక్కిలి చవకైనది, మిక్కిలి తరచుగా వాయిదా పడేది రెండవ సాక్షిని పిలిచి సంతకం పెట్టించడమే.