నడివయసు ఛానెళ్ళు – మన పెద్దమనుషుల వెక్కిరింత

ఇటీవల తిరుపతిలో వొక సాహిత్య గోష్ఠి జరిగింది. అందులో వొక అధ్యాపక మిత్రుడు మాట్లాడుతూ, "ఏభై ఏళ్ళ వాడు కూడా సెల్‌ఫోన్ను కర్రకు బిగించి తన మొహం తానే చూసుకుని మురుస్తున్నాడు. ఇది పెట్టుబడిదారీ సంస్కృతి అంటించిన జబ్బు" అన్నాడు. సభ నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక ఆ నవ్వు నాకే రుచించలేదు.

ఎందుకంటే ఆ జబ్బు తగిలినవాళ్ళు ఎవరో నాకు తెలుసు. మన పక్కవీధిలోనే వున్నారు. ప్రైవేటు కళాశాలలో ఇరవై ఏళ్ళు పాఠం చెప్పి, జీతం కాస్త పెరిగేసరికి "కుర్రవాళ్ళు దొరుకుతున్నారు లెండి" అనిపించుకుని బయటపడ్డ లెక్చరర్లు వున్నారు. ఈ రోజు కొండమీద క్యూ ఎంతదాకా వచ్చింది, టోకెన్లు ఎక్కడ ఇస్తున్నారు అని పొద్దున్నే చెప్పే లాడ్జి గుమాస్తాలు, టాక్సీ డ్రైవర్లు వున్నారు. పలమనేరు, పుత్తూరు వైపు సంగటి గెలికి, ఊరిబిండి నూరి చూపించే ఇల్లాళ్ళు వున్నారు. వీళ్ళలో తన మొహం చూసుకోవటానికి తీరిక వున్నవాడు నాకు వొక్కడూ కనిపించలేదు. నలభై అయిదు దాటినవాడికి ఈ వ్యవస్థలో కొత్త ఉద్యోగం లేదు, పింఛను లేదు, పిల్లల ఫీజులు మాత్రం వున్నాయి. తలుపులన్నీ మూసి కిటికీ వొకటి తెరిచి పెట్టి, మనిషి కిటికీలోంచి దూకుతుంటే "వీడికి సర్కస్ పిచ్చి" అనటం ఏ రకమైన వర్గదృష్టి?

ఇది వొక పక్క. ఇంకో పక్క పొగిడేవాళ్ళున్నారు. నిజానికి వెక్కిరించేవాళ్ళకంటే వీళ్ళే ప్రమాదకరం. "వయసు అడ్డు కాదు, పట్టుదల వుంటే చాలు" అని ఆదివారం అనుబంధాలు ఘోషిస్తాయి. సాక్ష్యంగా ముగ్గురిని నిలబెడతాయి: గుంటూరు ప్రాంతపు మస్తానమ్మ, "గ్రాండ్‌పా కిచెన్" నారాయణరెడ్డి, జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ. ముగ్గురూ గౌరవనీయులే. నూరేళ్ళు దాటిందని చెప్పే మస్తానమ్మ 2018 డిసెంబరులో, అనాథ పిల్లలకు గుండిగలకొద్దీ వండి పెట్టిన నారాయణరెడ్డి 2019 అక్టోబరులో పోయినప్పుడు దేశదేశాల వాళ్ళు బాధపడ్డారు. అయితే ఈ ముగ్గురిలో ఛానెలును తానే పెట్టి, తానే తీసి, తానే నడిపినవారు ఎవరు? మస్తానమ్మ ఛానెలును 2016లో మునిమనవడూ, అతని స్నేహితుడూ పెట్టారు. గంగవ్వ చేరేనాటికే "మై విలేజ్ షో" వున్నది. దాన్ని 2012లో శ్రీకాంత్ శ్రీరామ్ మొదలుపెట్టాడు. పొలం కూలికి పోయి, బీడీలు చుట్టి బతికిన గంగవ్వకు ఆ బృందం తోడయింది. వెనక కుర్రవాళ్ళ చేతులు లేకుండా నడివయసు మనిషి వొంటరిగా ఈ పని ఎలా ఈదుతాడో ఆ ముగ్గురి కథలు చెప్పవు, చెప్పలేవు.

2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు చిత్తూరు ప్రాంతంలో ఫలానా రైతు కోట్లు గడించాడని పత్రికలు బొమ్మలు వేసి రాశాయి. అదే మదనపల్లె మార్కెట్టు బయట ఎన్ని సంవత్సరాలు పండు రోడ్డు పక్కన పారబోశారో మన కళ్ళతో చూశాం. దానికి బొమ్మల్లేవు. ఒక రైతు లాటరీ తగిలినట్టు బాగుపడితే వ్యవసాయం లాభసాటి అయిందనే తర్కమూ, ఒక గంగవ్వ గెలిస్తే ప్రతి నడివయసు మనిషికీ దారి తెరుచుకున్నదనే తర్కమూ వొకటే.

ఇక లెక్కకు వద్దాం. ప్రకటనల రాబడిలో వాటా కావాలంటే యూట్యూబు పెట్టిన షరతు వెయ్యిమంది చందాదారులు, పన్నెండు నెలల్లో 4,000 గంటల వీక్షణ. పొట్టి వీడియోలైతే 90 రోజుల్లో కోటి వీక్షణలు. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. చూసేవాడు సగటున మూడు నిమిషాలు నిలబడితే 80,000 సార్లు జనం రావాలి. ఏడాది దాటిన గంటలు ఒక్కొక్కటే రాలిపోతాయి, అడుగు చిల్లిపడ్డ కుండలో నీళ్ళు పోసినట్టు. గీత దాటినవాడికి మామూలు వీడియో మీద ప్రకటనల ఆదాయంలో నూటికి 55 వస్తుంది, కంపెనీకి 45. అదీ నూరు డాలర్లు పోగయిందాకా చేతికి రాదు. గీత దాటనివాడి సంగతి? 2020 నవంబరులో కంపెనీ తన నిబంధనల్లో వొక మాట చేర్చింది: భాగస్వాములుగా చేరని ఛానెళ్ళ మీద కూడా తాను ప్రకటనలు వేసుకోవచ్చు, వాళ్ళకు వాటా ఇవ్వనక్కర లేదు. ముందు అమెరికాలో, 2021లో తక్కిన దేశాల్లో ఇది అమలుకు వచ్చింది. ఏడువందల చందాదారులున్న మనిషి శ్రమ మీద కంపెనీ సంపాదించుకోవచ్చునన్న మాట. ఆ మనిషికి దమ్మిడీ రాదు.

మన నగరి, నారాయణవనం నేతగాళ్ళకు ఇది కొత్తగా చెప్పనక్కర లేదు. మగ్గం తనది, ఇల్లు తనది, పెళ్ళాం పిల్లల చాకిరీ తనది. నూలు షావుకారుది, చీర షావుకారుది. అయినా షావుకారు చీరకు ఇంత అని మజూరీ ముందు చెబుతాడు. చీర నేసిన తరువాత, "ఈసారి నీ చీర అరుగు మీద పెట్టలేదు, లోపల పడేశాం, కారణం అడక్కు" అని చెప్పే షావుకారు మాత్రం నగరిలో కూడా లేడు. ఇక్కడ ఫోను, దీపం, కరెంటు, వంటిల్లు, గొంతు, ఆఖరికి మొహం కూడా పనివాడివే. సంత మాత్రం కంపెనీది. ఏ గంప ముందు వుండాలో, ఏది మూలకు పోవాలో సంత గుత్తదారే చాటుగా నిర్ణయిస్తాడు.

నేనెరిగిన లెక్కల మాస్టరు వొకాయన వున్నాడు. నలభై ఎనిమిదో ఏట ఉద్యోగం పోయింది. వంటింటి గోడకు నల్లబల్ల తగిలించి, పదో తరగతి లెక్కలు చెబుతూ ఛానెలు పెట్టాడు. అందం లేని వీడియోలు. మధ్యలో కుక్కర్ కూత వినపడుతుంది. కాని త్రికోణమితిని ఆయన గాలిగోపురం నీడతో మొదలుపెట్టి చెప్పినంత తేటగా చెప్పినవాళ్ళను నేను చూడలేదు. రెండేళ్ళకు ఏడువందల మంది చేరారు. ఎవరో సలహా ఇస్తే వొకసారి, పేరులో అక్షరాలు కూడి అదృష్ట సంఖ్య కట్టే విధానం మీద "ఇందులో లెక్క ఎంత, మోసం ఎంత" అని వొక వీడియో చేశాడు. శీర్షికలో అదృష్ట సంఖ్య అన్న మాట వుండటంతో అంతకుముందు చేసిన వీడియోలన్నిటికీ కలిపి వచ్చినదానికంటే ఎక్కువ జనం దానికే వచ్చారు. సగంమంది కింద తమ పేర్లు రాసి, "మా సంఖ్య చెప్పండి సార్" అని అడిగారు. "చెబితే గీత దాటుతాను. వొక నెల చాలు" అన్నాడు నాతో. ఇంట్లో కూతురి ఫీజు గడువు దగ్గర పడింది. చెప్పలేదు. ఆయన చెప్పి వుంటే మన గోష్ఠిలో ఆయన్ని మూఢనమ్మకాల వ్యాపారి అనేవాళ్ళం. చెప్పనందుకు ఆయనకు మనం చేసినదేమిటి? మన సంఘంలో ఎంతమంది ఉపాధ్యాయులున్నారు, ఆ ఏడువందల్లో వొక్కరైనా వున్నారా?

తిరుపతి చుట్టూ అద్భుతాలూ, జాతకాలూ చెప్పే ఛానెళ్ళు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయంటే జనం అజ్ఞానమే కారణమని మనం తేల్చేస్తాం. ఆకలితో వున్న పనివాడి ముందు అబద్ధానికి వొక ధర, నిజానికి వొక ధర కట్టి పెట్టిన సంతను గురించి ఎవరూ వొక్క వ్యాసం రాయరు.

భాష సంగతి కూడా చెప్పాలి. 1943లో తెనాలిలో మన సంఘం పుట్టింది ప్రజల కోసం, ప్రజల భాషలో రాయటానికి. మధురాంతకం రాజారాం, నామిని రాసిన పల్లెలు మనం తరగతి గదుల్లో పాఠంగా చెబుతాం. అదే చిత్తూరు మాట, "యాడికి పోతాండావు", "ఎట్టుండాది" అంటూ, అరవం కలిసిన ఆ యాసలోనే, పుత్తూరు ఇల్లాలు సిగ్గుపడకుండా ప్రపంచానికి వంట చెబుతుంటే మాత్రం మనకు నవ్వు వస్తుంది. సినిమాల్లో విలన్లకూ, హాస్యగాళ్ళకూ పెట్టిన యాసను ఆవిడ తన గొంతుతో మామూలు మాట చేసింది. పుస్తకంలో వుంటే సాహిత్యం, ఫోనులో వుంటే వెకిలితనమా?

పనివాళ్ళు వొంటరిగా వున్నారు గనుక ఏమీ చెయ్యలేరనే నిరాశ కూడా నాకు సమ్మతం కాదు. జర్మనీలో యోర్గ్ స్ప్రావే అనే ఆయన నలభై దాటిన తరువాత ఉండేళ్ళు తయారుచేసి చూపే ఛానెలు పెట్టాడు. 2017 నుంచి ప్రకటనలు కోసేసి రాబడి పడిపోతే 2018లో యూట్యూబర్ల సంఘం పెట్టాడు. 2019లో ఐజీ మెటల్, అంటే లోహ కార్మికుల ఆ మహా యూనియన్, అతనితో చెయ్యి కలిపింది. వాళ్ళ కోరికల్లో విప్లవమేమీ లేదు: నిబంధనలు బయటపెట్టండి, శిక్షకు కారణం చెప్పండి, మాట్లాడటానికి వొక మనిషిని చూపించండి. ఇంత చిన్న కోరికలకే కంపెనీ తేలిగ్గా లొంగలేదు. కాని కారు ఫ్యాక్టరీ కార్మికుల యూనియను, ఉండేలు మనిషిని చూసి నవ్వలేదన్నది గమనించండి.

మన దగ్గర సామాజిక భద్రతా స్మృతి 2020లోనే ప్లాట్‌ఫాం కార్మికుడు అనే మాట వాడింది. భోజనం మోసే కుర్రవాడు, కారు నడిపేవాడు ఆ మాట కిందికి వస్తారని అందరికీ తెలుసు. వంటింట్లో పాఠం చెప్పే మాస్టరు వస్తాడా అని అడిగిన యూనియను నాకు కనపడలేదు. అడగవలసిన మొదటివాళ్ళు ఉపాధ్యాయులే.

వచ్చే నెల గోష్ఠికి ఆ లెక్కల మాస్టర్ని పిలవాలని ప్రతిపాదిస్తున్నాను. నవ్విన మిత్రుడు అధ్యక్షత వహిస్తే మరీ మంచిది. సభ మాత్రం సాయంత్రం కాకుండా రాత్రి తొమ్మిదికి పెట్టుకోవాలి. అంతవరకు ఆయనకు ట్యూషన్లుంటాయి.